ఫుల్‌స్టాప్ లేని పట్టభద్రురాలు

జులై పదకొండో తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు నా మనశ్శాంతి ముగిసింది. గడియారం చూసి మరీ చెబుతున్నాను. సరిగ్గా ఆ నిమిషానికే గన్నవరంలోని మా కార్యాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఒక మీట నొక్కి, నేను రాసిన మొదటి కోడును ప్రపంచం మీదికి వదిలాను. ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: మర్యాదగా, వివరంగా, అక్షరదోషాలు లేకుండా రాస్తే ఈ లోకంలో ఎవరైనా సరే వెంటనే జవాబిస్తారని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే కావడం వల్ల, ఆ నమ్మకాన్ని సరిదిద్దగలిగిన అనుభవజ్ఞులు ఇంట్లో ఎవరూ లేకపోయారు. (ఉత్తరాలు రాయడం నేను బడిలో సెలవు చీటీలతో నేర్చుకున్నాను. ఆ శైలి నన్ను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదని తెలిసినవాళ్లంటారు.)

మా సంస్థ చిన్నది. చేపల చెరువుల్లో నీటిని చిలికి గాలి నింపే చక్రాలను వేళకు తిప్పి, వేళకు ఆపే ఒక బుల్లి చిప్పును మావాళ్లు తయారు చేశారు. చిప్పు తయారైంది గానీ దానితో మాట్లాడే దుబాసీ లేడు. మనుషులు రాసే ప్రోగ్రామును యంత్రానికి తెలిసిన ఆజ్ఞలుగా మార్చే ఆ దుబాసీనే కంపైలర్ అంటారు. ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన, ఎవరైనా తెరిచి చదివి బాగుచేయదగిన ఒక పెద్ద కంపైలర్ ఉంది. దానికి ఎన్నో చిప్పుల భాషలు వచ్చు. మా చిప్పు భాష ఒక్కటే రాదు. ఆ భాష నేర్పే భాగాన్ని బ్యాకెండ్ అనీ, ఏ చిప్పు కోసం నేర్పుతామో ఆ చిప్పును టార్గెట్ అనీ అంటారు. బ్యాకెండ్ రాయడం సగం పని మాత్రమే. కంపైలర్‌ను చూసుకునే పెద్దలు, ఎక్కడో దూరదేశాల్లో ఉన్నవాళ్లు, లోకమంతా చూసే ఒక వెబ్ పేజీలో మన కోడును వరుస వరుసా చదివి, ఒప్పుకుని, అసలు కంపైలర్‌లో కలుపుకోవాలి. అలా కలవడాన్ని 'అప్‌స్ట్రీమ్‌కు వెళ్లడం' అంటారు, అంటే ఎగువకు చేరడం. కృష్ణా కాలువల శివారున పుట్టినవాళ్లకు ఎగువ అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. మనం ఎదురుచూస్తాం, వాళ్లు నీళ్లు వదులుతారు.

ఈ పని నాకు అప్పగించినవారు మా టీం లీడ్ గారు. ఆయన్ని మేము చాటున సెమికోలన్ సార్ అనేవాళ్లం. ప్రోగ్రాములో ప్రతి వాక్యం చివరా సెమికోలన్ పెట్టినట్టు ఆయన ప్రతి మాట చివరా 'అంతే' అని పెట్టేవారు.

"చూడమ్మా, మన బ్యాకెండ్ ఎగువకు చేరితే ఈ చిప్పు కొనేవాళ్లుంటారు. సెప్టెంబరుతో నీ ప్రొబేషన్ అయిపోతుంది. ఈలోగా చేరితే నువ్వు పర్మినెంట్. అంతే."

"చేరకపోతే అండీ?"

"అంతే."

ఆ రెండో 'అంతే' నన్ను భవానీపురం దాకా బస్సులో వెంటాడింది. ఇంటికి వెళ్లేసరికి పరిస్థితి మరికాస్త విషమించి ఉంది. మా అమ్మ భవానీపురంలో రోడ్డు పక్కన చేపలు అమ్ముతుంది. అమ్మకు ప్రొబేషన్ అనే మాట పలకడం ఇష్టం లేక, నేను ఉద్యోగంలో చేరిన వారంలోనే కొనుగోలుదారులందరికీ శుభవార్త చెప్పేసింది. శీలావతి చేపను కత్తిపీట మీద రెండు ముక్కలు చేస్తూ, "మా అమ్మాయిది పర్మినెంటేనండీ, గన్నవరంలో ఏసీ రూములో" అనేది. ఆమె నోట ఆ మాట వినని గడప ఆ వీధిలో లేదు. అందువల్ల నా ఉద్యోగం పోతే పోయేది నా ఒక్కదాని పరువు కాదు.

మా మావయ్య సమస్య వేరు. ఆయన బీమా ఏజెంటు. నా పని కొత్త టార్గెట్ మీద అని తెలియగానే, ఒకే వృత్తిలోని మనుషుల్లా నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఎంత టార్గెట్ ఇచ్చారమ్మా?"

"ఒక్కటే మావయ్యా."

"నెలకా?"

"కాదు మావయ్యా. చేరినప్పట్నుంచీ అదొక్కటే."

ఆయన నా భుజం మీది చెయ్యి తీసేశారు. "ఒక్కటి కూడా అవ్వలేదూ! మా బ్రాంచిలో అయితే ఈపాటికి కుర్చీ లాగేసేవాళ్లు. పోనీ చెప్పు, నాకు తెలిసినోళ్లిద్దర్ని చూపిస్తా. ఒకళ్లన్నా సంతకం పెట్టకపోరు." (మావయ్య ఔదార్యాన్ని నేను ఈనాటికీ మరువలేదు. ఆ ఇద్దరిలో ఒకరు కంపైలర్ల పెద్ద అయి ఉంటే ఎంత బాగుండేదో.)

ఇక నేను పంపిన కోడు సంగతి. దానికి ముందుమాటగా ఇంగ్లీషులో ఒక విన్నపం జతచేశాను. 'రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్' అని మొదలుపెట్టి, సవినయంగా మనవి చేసుకునేదేమనగా అనే అర్థం వచ్చేలా కొనసాగించి, 'తమ విధేయురాలు' అని ముగించాను. తరువాత జవాబు కోసం కూర్చున్నాను. కూర్చున్నాను అనడం కూడా సరికాదేమో. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే మళ్లీ పేజీ తెరిచి చూడాలనిపించేది. కిటికీలోంచి గన్నవరంలో దిగే విమానాలు కనిపించేవి. ఒక్కో విమానం దిగినప్పుడల్లా ఒక్కసారి మాత్రమే పేజీ చూడాలని నియమం పెట్టుకున్నాను. విమానాలు చాలా తక్కువని మొదటి రోజే తేలిపోయింది. ఎగిరేవాటిని కూడా లెక్కలోకి తీసుకున్నాను. రెండో రోజుకు కొంగలను కూడా చేర్చాల్సి వచ్చింది.

ఇంట్లో మాత్రం అమ్మ రోజూ ఒకే ప్రశ్న అడిగేది. కోడు చదవాల్సిన పెద్దమనిషికి ఆమే పేరు పెట్టింది.

"ఎగువాయన ఏవన్నా వదిలాడా?"

"లేదమ్మా."

"నువ్వు గమ్మున కూచుంటే ఆయనకెట్టా తెలుస్తదే? తట్ట ముందర పెట్టుకుని నోరు మూసుకుంటే చేపలు అమ్ముడుపోతయ్యా? కేకెయ్యాలి."

అమ్మ సలహా నాకు సబబుగా తోచింది. మర్నాటి నుంచి ఆ పేజీలో 'జెంటిల్ రిమైండర్ సర్' అని రాయడం మొదలుపెట్టాను. ఒకరోజు సెమికోలన్ సార్ నా బల్ల దగ్గర ఆగారు.

"వాళ్లకి వారానికోసారి గుర్తు చేయొచ్చమ్మా, తప్పు లేదు. నువ్వు ఎన్నిసార్లు చేస్తున్నావ్?"

"పొద్దున రాగానే ఒకసారండీ, భోంచేశాక ఒకసారండీ."

ఆయన 'అంతే' అనలేదు. నుదురు పట్టుకుని వెళ్లిపోయారు.

ఆగస్టు మొదట్లో ఒక ఉదయం జవాబు వచ్చింది. ఎగువాయన నా కోడు మొత్తం చదివారు. పక్కనే వ్యాఖ్యలు రాశారు. మొదటి వ్యాఖ్య ఇది: 'నిట్: మిస్సింగ్ ఫుల్‌స్టాప్.'

పాఠకులు నా స్థితి అర్థం చేసుకోవాలి. మా వైపు ఇంటర్ చదివిన పిల్లలెవరికైనా నిట్ అంటే ఒకే అర్థం: మంచి ర్యాంకు వచ్చినవాళ్లు చదివే పెద్ద ఇంజినీరింగు కాలేజీ. ఎంసెట్‌లోనే నా ర్యాంకుకు అయిదంకెలు. నేను చదివింది కంకిపాడు దాటాక పొలాల మధ్య ఉండే ఒక ప్రైవేటు కాలేజీ. అక్కడినుంచి నిట్ దిక్కుగా వెళ్లే బస్సు కూడా లేదు. ఆ వాక్యాన్ని నేను ఇలా చదువుకున్నాను: నిట్ చదువు లేదు, ఫుల్‌స్టాప్. అంటే, ఇక మాట్లాడేదేమీ లేదు. అయినా ధైర్యం చేసి కిందికి వెళ్లాను. మరో వ్యాఖ్య: 'నిట్: నాట్ నీడెడ్ హియర్.' ఒక్కసారి ప్రాణం లేచి వచ్చింది. ఇక్కడ నిట్ అక్కర్లేదంటున్నారు! ఎంత విశాలహృదయం! ఆ తరువాతిది: 'నిట్: ప్లీజ్ బీ కన్సిస్టెంట్.' మాట మీద నిలబడనిది తమరా, నేనా? అలా పేజీ చివరిదాకా నన్ను నిట్‌లో చేర్చుకుంటూ, బయటికి పంపుతూ, మళ్లీ పిలుస్తూ, ఆయన నాకు ఊపిరాడనివ్వలేదు.

మధ్యాహ్నం దాకా ఆలోచించి, నిజాయితీయే ఉత్తమమని నిశ్చయించుకుని జవాబు రాశాను. తాను నిట్ విద్యార్థిని కానని, అందుకు చింతిస్తున్నానని, అయితే తన కుటుంబంలో తానే తొలి పట్టభద్రురాలినని, తల్లి చేపలమ్మి చదివించిందని, కావున పెద్ద మనసుతో తన బ్యాకెండ్‌ను కళాశాల పేరును బట్టి గాక గుణాన్ని బట్టి పరిశీలించవలసిందిగా ప్రార్థన. (నా గురించి 'తాను' అని రాసుకోవడం గంభీరంగా ఉంటుందని ఎక్కడో విన్నాను.) అంతటితో ఆగితే ఈ కథ చిన్నదయ్యేది. నా మాటకు రుజువుగా డిగ్రీ సర్టిఫికెట్టునూ, ఫొటో ఉన్న మార్కుల జాబితానూ స్కాన్ చేసి జతపరిచాను. లోకమంతా చూసే పేజీలో.

సాయంత్రం సెమికోలన్ సార్ తన గదిలోకి పిలిచారు. ఆయన తెర నిండా నా మార్కులే ఉన్నాయి.

"ఇదేంటమ్మా ఇది?"

"రుజువండీ."

"దేనికి?"

చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు, మళ్లీ పెట్టుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను.

"నిట్ అంటే కాలేజీ కాదమ్మా. ఇంగ్లీషులో నిట్ అంటే ఈపి. పేను గుడ్డు. కోడులో చిన్న చిన్న లోపాలుంటాయి చూడు, వాటిని అలా అంటారు. నువ్వు ఒకచోట వాక్యం చివర చుక్క పెట్టలేదు, పెట్టమన్నాడు. అంతే. నిజంగా అంతే."

ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికినా నిలబడే వచ్చాను. ఇంట్లో అమ్మ తట్ట కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ నా మొహం చూసింది.

"ఏంటే, అట్టా ఉన్నావ్? వదల్లేదా?"

"నా కోడులో ఈపులున్నాయన్నాడే అమ్మా."

"అని ఊరుకున్నాడా, ఎక్కడున్నయ్యో చూపించాడా?"

"ఒక్కోటీ చూపించాడు. పేజీ నిండా."

"ఇంకేం మరి? చిన్నప్పుడు వీధిలో ఎంతమంది పిల్లలు తల గోక్కుంటా తిరిగేవోళ్లు! ఎవరి తలన్నా నేను పట్టుకున్నానా? నిన్నేగదంటే కాళ్ల మధ్య కూచోబెట్టుకుని, వీపు మీద ఒకటేసి మరీ తీసింది. వద్దనుకున్న పిల్ల తలలో ఎవడన్నా ఈపులు చూస్తాడంటే?" అని, లోపలికి వెళ్లబోతూ ఆగింది. "అయినా ఆ మార్కుల కాయితం ఎందుకు చూపించావే? లెక్కల్లో తక్కువొచ్చినయ్‌గా."

మరునాడు, విమానాల కోసం ఆగకుండా, నేరుగా పేజీ తెరిచాను. సర్టిఫికెట్టు కింద ఎవరో అపరిచితుడు 'నిట్: ఫొటో కాస్త వంకరగా ఉంది' అని రాశాడు. ఆ కింద ఎగువాయన జవాబు ఉంది. రెండే వాక్యాలు. డిగ్రీకి అభినందనలు. ఫుల్‌స్టాప్ ఇంకా లేదు.

వెళ్లి చూశాను. నిజమే, లేదు. అంత విన్నపం రాశాను, సర్టిఫికెట్టు పెట్టాను, కుటుంబ చరిత్ర చెప్పాను, అన్నీ చేశాను, ఆయన అడిగిన ఆ ఒక్క చుక్క తప్ప. పెట్టాను. మిగిలిన ఈపులన్నీ కూర్చుని ఒక్కొక్కటే తీశాను. రిమైండర్లు మాత్రం పంపలేదు. చేతులను అదుపులో పెట్టుకోవడానికి వాటిని ఒడిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆగస్టు చివర్లో ఒక ఉదయం ఆ పేజీ రంగు మారింది. మా చిప్పు భాష కంపైలర్‌లో కలిసింది, ప్రయోగాత్మక టార్గెట్ అనే పేరుతో, అంటే ఇంకా పరీక్షలో ఉన్నట్టే.

అమ్మకు ఫోను చేసి, "వదిలాడే" అన్నాను. అవతల కత్తిపీట చప్పుడు ఆగింది. "కొత్తగా చెప్తావేంటే, పర్మినెంటేనని నేను ఎప్పుడో చెప్పాగా అందరికీ" అంది. కానీ చాలాసేపటిదాకా ఆ చప్పుడు మళ్లీ మొదలవలేదు. సెమికోలన్ సార్ స్వయంగా నా బల్ల దగ్గరకు వచ్చారు. "మంచిదమ్మా. ఇక దీన్ని చూసుకోవాల్సింది నువ్వే. కంపైలర్ మారినప్పుడల్లా ఇది చెడిపోతుంది, మారినప్పుడల్లా నువ్వు బాగుచేస్తూ ఉండాలి" అని వెళ్లిపోయారు. వాక్యం చివర 'అంతే' రాలేదు. 'సార్, ఫుల్‌స్టాప్!' అని వెనక నుంచి పిలవాలనిపించింది.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఆ మార్కుల జాబితా ఇప్పటికీ అక్కడే ఉంది. తీసేయమని అడగవచ్చన్నారు గానీ అడగలేదు. అప్పుడప్పుడు ఆ పేజీ తెరుస్తాను. నూనె పెట్టి బిగించి దువ్విన తలతో, ఎవరు ఏమడిగినా నిలబడి జవాబు చెప్పడానికి సిద్ధంగా, వంకరగా చూస్తూ ఉంటుంది ఆ అమ్మాయి. ఎవరూ అడగని ప్రశ్నకు అంత శ్రద్ధగా సమాధానం రాసిన ఆమెను చూస్తే నవ్వొస్తుంది, నవ్వు అయిపోయాక కాసేపు పేజీ మూయబుద్ధి కాదు.

ఆ తరువాత నా ఉద్యోగం స్థిరపడింది. మా టార్గెట్ ఇంకా ప్రయోగాత్మకమే. ఇప్పుడు కొత్తవాళ్లు పంపే కోడును నేనూ చదువుతున్నాను. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలైనవాటిని ముందుగా తీస్తాను, లోపాలుంటే నిట్ అనకుండా చిన్న సవరణ అని రాస్తాను.