ఎడమ కాలి కింద వైరు

2023 వేసవి. మార్కాపురంలో కంభం రోడ్డు మీద 'బాషా ఆటో ఎలక్ట్రికల్స్' నా షాపు. ఆటోలు, ట్రాక్టర్లు, పలకల లోడు లారీలు తప్ప నా దగ్గరికి వేరే బండ్లు పెద్దగా రావు. అలాంటిది ఒక మధ్యాహ్నం అంబాసిడర్ కంటే ముందు తరం కారొకటి వచ్చి ఆగింది.

దిగినాయన పేరు యేసురత్నం. అర్ధవీడు ఆయన ఊరు. ఒక డాక్టరు దగ్గర చాలా ఏళ్లు డ్రైవరుగా చేశారు. డాక్టరు ఊరు విడిచి వెళ్తూ ఆ కారును ఆయనకే ఇచ్చారట. భార్య మరియమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క చచ్చుబడింది, మాట పోయింది. వారం వారం ఆమెను ఫిజియోథెరపీకి ఈ కార్లోనే తీసుకొస్తున్నారు.

"దోవలో డాష్‌బోర్డు మీద ఈ ఎర్ర లైటు వెలుగుతాది బాషా. మొన్న మసక చీకట్లో దీపాలు ఆరిపోయి బండి నిలిచిపోయింది. గొర్రెలోళ్లు తోసినారు. ఆ చీకట్లో ఆమెతో నాకు భయమైంది. బస్సు మెట్లెక్కలేదు కదా, ఇదొక్కటే మాకు దిక్కు" అన్నారు. బ్యాటరీ అప్పటికే కొత్తది వేయించారు.

ఇప్పటి కార్లలో ఉండే ఆల్టర్నేటర్ బదులు పాత బండ్లలో డైనమో ఉంటుంది. ఇంజను తిరిగితే అది కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటును బ్యాటరీలోకి పంపేది, వెనక్కి రాకుండా ఆపేది కటౌట్. చార్జింగ్ సరిగా ఉంటే ఎర్ర లైటు ఆరిపోతుంది. డైనమో వైర్లు విప్పి, మీటరు పెట్టి చూశాను. వోల్టేజి బాగా వచ్చింది. కటౌట్ పాయింట్లు శుభ్రం చేశాను. లైటు ఆరిపోయింది.

మరుసటి వారం ఆయన మళ్లీ వచ్చారు. "మళ్లీ అట్లనే అయింది నాయనా." నా ముందు మాత్రం బండి చక్కగా చార్జింగ్ అవుతోంది. నాకు పాలుపోలేదు. "మామా, సాయంత్రం నేనూ మీతో వస్తా" అన్నాను.

మరియమ్మ ముందు సీట్లో, నేను వెనక. ఊరు దాటేదాకా బండి మెల్లగా పోయింది, లైటు వెలగలేదు. గేదెలు అడ్డమొస్తే ఆయన బ్రేకు వేశారు. లైటు వెలిగింది. ముందుకు వంగి చూస్తే, మరియమ్మ ఎడమ కాలు ఎదురుగా వాలుగా ఉన్న రేకును మ్యాటు మీంచి గట్టిగా అదిమి ఉంది. గేదెలు దాటాయి, కాలు వదులైంది, లైటు ఆరిపోయింది. తరువాతి మలుపులోనూ అంతే.

బండి ఆపించి, ఆమె కాళ్ల కింద మ్యాటు ఎత్తాను. డైనమోకు పోయే ఫీల్డ్ వైరును ఎప్పుడో ఎవరో అటుగా లాగారు. పైన ప్లాస్టిక్ బాగానే ఉంది, లోపల రాగి తీగ విరిగింది. నొక్కితే విడిపోతోంది. ఆ వైరు విడిపోతే డైనమో కరెంటు పుట్టించదు, దీపాలన్నీ బ్యాటరీనే ఖాళీ చేస్తాయి.

"మామా, నువ్వు బ్రేకు తొక్కినప్పుడల్లా అత్త కూడా తొక్కుతాంది. మొన్న చీకట్లో భయానికి కాలు తీసే ఉండదు."

ఆయన వంగి ఆమె కాలి వైపు చూశారు. "పెండ్లయిన కాడి నుంచి అంతే. నా డ్రైవింగంటే ఆమెకు భయం. జబ్బు చేసినాక ఊరికే బయటికి చూస్తా కూచుంటాది. ఆమెకేమీ తెలియడంలేదనుకుంటి బాషా."

దిగి ఆమె వైపు వచ్చారు. తలుపు తీసి, రోడ్డు మీదే గొంతుక్కూర్చుని, ఆ కాలి మీద చెయ్యి వేశారు.

"నన్ను చూసుకుంటానే ఉండావా మరియా?"

ఆమె ఎడమ చెయ్యి మెల్లగా లేచి ఆయన చొక్కా కాలరు సర్దింది. నేను పనిముట్ల సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను.

కొత్త వైరు వేసి, కాలికి తగలకుండా పైనుంచి తిప్పాను. "ఇక్కడొక చెక్క బిగిస్తా, కాలు రేకు దాకా పోదు" అంటే ఆయన ఒప్పుకోలేదు.

"వద్దు నాయనా. తొక్కనీ."

మీటరు బండి సంగతే చెబుతుంది. అందులో కూర్చునే మనిషి సంగతి మనమే చూసుకోవాలి. ఇప్పుడు ఏ బండి బాగుచేసినా, రోజూ ఎక్కేవాళ్లను ఎక్కించుకుని ఒక చుట్టు తిరిగొస్తేగాని తాళాలు ఇవ్వను.