గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్ళు

అప్పట్లో నా ఇఖామాలో, అంటే కువైట్‌లో ఉండనిచ్చే కార్డులో, పని హమాలీ అని రాసి ఉండేది. కడప దగ్గర మా నాన్న చేతికింద పదేళ్ళు రాతిగోడలు కట్టడం నేర్చుకుని, మేస్త్రి పని ఇప్పిస్తామంటే నమ్మి కువైట్ వచ్చినవాణ్ణి. వచ్చాక రెండేళ్ళు షువైఖ్ గోడౌన్లలో బస్తాలే మోశాను. బరువు నన్నేం చేయలేదు గానీ, ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండేది. ఇంటికి పోయేలోపు దాన్ని మార్పించి తీరాలని పంతం పట్టాను.

ఎనభైల మొదట్లో మా కఫీల్‌కు, అంటే నన్ను వీసా మీద రప్పించుకున్న అరబ్బు యజమానికి, ఓ కోరిక పుట్టింది. ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో ఆయన ఒక రైతు ఇంట్లో ఉన్నాడట. వందల ఏళ్ళ నాటి రాతి ఇల్లు. దాని ఫోటో తెచ్చి, సులైబియాలోని తన తోటలో అచ్చం అలాంటిదే కట్టమన్నాడు. పని తన దగ్గరున్న ఒక కోనసీమ మేస్త్రికి అప్పజెప్పి, రాళ్ళు మోయడానికి నన్ను పంపాడు.

ఫోటో చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మూరెడు పైనే మందం ఉన్న గోడలు, చిన్న చిన్న కిటికీలు, ఒకదానిమీద ఒకటి ఎక్కించిన బండలతో వాలు కప్పు, పక్కన పొగగొట్టం. గోడల్లో అక్కడక్కడా రాళ్ళ కొసలు బెత్తెడు బయటికి పొడుచుకుని ఉన్నాయి. అవేమిటో నాకు తెలుసు. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడుగు రాళ్ళు. అవి రెండు ముఖాలనూ కలిపి పట్టుకుంటాయి. మోకాలెత్తుకు ఒక వరస పెట్టందే మా నాన్న పై వరస ఎత్తనిచ్చేవాడు కాదు.

మేస్త్రి వాటిని లెక్కచేయలేదు. రెండు వైపులా నున్నటి రాళ్ళు పేర్చి, మధ్యలో ఇసుకా చిల్లరాళ్ళూ పోసుకుంటూ పోయాడు.

"అన్నా, ఆ రాళ్ళు ఊరికే పెట్టిండేవి కాదన్నా. అవి లేకుంటే గోడ పొట్ట వస్తాది," అన్నాను.

"ఏటయ్యా బాబూ, ఆళ్ళు చెక్కలేక వదిలేశారు. మనం నీటుగా కడదాం. నువ్వు రాళ్ళందించు, చాలు."

నేను ఊరుకోలేదు. మధ్యాహ్నం కఫీల్ రాగానే అడ్డంగా నిలబడి, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో అడిగాను. పొగగొట్టం వైపు గోడ నాకివ్వండి, పడితే నన్ను మా దేశం పంపించేయండి అని. ఆయన నవ్వి, "యల్లా", కానివ్వు అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా పని మొదలుపెట్టాను.

గోడ లేస్తున్నకొద్దీ పొడుగు రాళ్ళ కొసల మీదే కాలు పెట్టి పైకెక్కాను. మేస్త్రి చూసి కోతివేషాలన్నాడు. అననీ అనుకున్నాను.

ఇంకా కప్పు వేయకముందే వాన పట్టుకుంది. ఎడారిలో వానే అరుదు, ఆసారి మాత్రం పట్టింది ఆగలేదు. మూడోరోజు వెళ్ళి చూస్తే మేస్త్రి గోడ నడుమ పొట్ట ముందుకొచ్చింది. లోపలికి దిగిన నీళ్ళకు ఇసుక జారి, ముందు రాళ్ళను తోసేసింది. నా గోడకు తూకం గుండు వేలాడదీశాను. దారానికీ గోడకూ మధ్య ఎడం పైనా కిందా ఒక్కటే. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

మేస్త్రి తన గోడను తడిమి చూసి, తలపాగా తీసి దులిపాడు. "మా కోనసీమలో అంతా ఒండ్రు మట్టే కదయ్యా. రాయంటే గుళ్ళో దేవుడొక్కడే. మరి నాకెలా తెలుస్తాది? మిగతాది నువ్వు చెప్పు, నేనందిస్తా," అన్నాడు. ఆ మాటతో ఆయన మీద కోపమంతా పోయింది.

కఫీల్ రెండు గోడలూ చూసి, నా ఇఖామా అడిగి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. పంపించేస్తాడేమోనని నెలరోజులు భయపడుతూనే మేస్త్రితో కలిసి ఆ గోడ విప్పి మళ్ళీ కట్టాను.

కొత్త ఇఖామా చేతికొచ్చిన రోజు తిన్నగా ఖైతాన్‌లో మా గది కిందున్న దర్జీ దగ్గరికి పరుగెత్తాను. ఆయనకు అరబ్బీ చదవడం వచ్చు. పని ఏమని రాశారో చూడమన్నాను.

"బన్నా. అంటే మేస్త్రి," అన్నాడు.

మళ్ళీ చదవమన్నాను. చదివాడు. మూడోసారి అడిగేసరికి కత్తెర బల్లమీద పెట్టి, "బన్నా, బన్నా, బన్నా! ఖలాస్!" అని అరిచాడు.