బంగళాకు పోయి కొయ్యలు చూసొచ్చాం

మా ఆయనను పాత బంగళా చూడ్డానికి తీసుకెళ్ళడమంటే చేపల బుట్ట పక్కన పిల్లిని కూర్చోబెట్టడమే. ఆ బుద్ధి నాకు ముందే ఉండాల్సింది.

ముప్పై ఏళ్ళు ఆ మనిషి చేసింది ఒకటే పని, పెద్దిళ్ళలో కొయ్యసామానుకు లక్క పాలిష్ పట్టడం. ఆర్నెల్ల క్రితం డాక్టరు ఛాతీ ఎక్స్‌రే చూసి, లక్క కరిగించే ఆ స్పిరిట్ ఘాటు ఇంకా పీలిస్తే మనిషి దక్కడని నా మొహం మీదే చెప్పాడు. ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద నా చేతిలో చెయ్యేసి, ఇక పాలిష్ గుడ్డ ముట్టనన్నాడు. అన్నాడే గానీ, అప్పట్నుంచీ ఈ అరవ పట్నంలో, రాయపురంలోని మా రెండు గదుల్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఎవరైనా పనికి పిలిస్తే ఒట్టు గట్టున పెట్టి పోతాడేమోనని నాకు కంటి మీద కునుకు లేదు.

ఊరికి దక్షిణాన ఒక జమీందారు బంగళాను మ్యూజియం చేశారనీ, తోటనిండా పూలేననీ పక్కింటావిడ చెప్పింది. పెళ్ళయ్యాక మేమిద్దరం పని లేకుండా ఎక్కడికీ వెళ్ళిందే లేదు. ఒక ఆదివారం పట్టుచీర కట్టి, మల్లెపూలు పెట్టుకుని, డబ్బాలో పులిహోర సర్ది, ఆయన్ని బయల్దేరదీశాను. రెండు బస్సులు మారి గేటు ముందు దిగామో లేదో, ఆయన నేరుగా గోడ పక్క సందులోకి నడిచాడు.

"ఏందయ్యా, ఆడికి పోతా ఉండావ్? టిక్కెట్టు ఈడ గదా!"

"వాకిలి ఆ పక్కనే ఉంటదే," అన్నాడు.

వెళ్ళి చూస్తే, తాళం వేసిన వెనక తలుపు ముందు నిలబడి "అమ్మా, అమ్మా" అని పిలుస్తున్నాడు. పెద్దిళ్ళలోకి పనివాళ్ళ తలుపు గుండా తప్ప ఎన్నడూ అడుగు పెట్టని మనిషి మరి. టిక్కెట్టు కొనుక్కుని ముందు నుంచే వెళ్ళొచ్చని ఆయనకు తోచనే లేదు. చొక్కా పట్టుకుని ముందుకు లాక్కొచ్చాను. ముందు మెట్ల దగ్గర చెప్పులు విప్పి మూలన పెట్టాడు. వేసుకునే రావచ్చని గార్డు నవ్వుతూ చెప్పినా వినలేదు.

లోపల ఏ గదిలోనూ ఆయన చూడాల్సింది చూడలేదు. గోడ మీద రాణిగారి పటం, ఆ ముక్కుపుడక, ఆ చీర అంచు నేను కళ్ళప్పగించి చూస్తుంటే, ఆయన పటం చట్రం మూలలు తడుముతున్నాడు. భోజనాల గదిలో ఏకంగా బల్ల కిందికి దూరాడు. ఏదో పడిపోయిందనుకుని ఒక పెద్దాయన, ఆయన భార్యా కూడా వంగి వెతకడం మొదలుపెట్టారు. "తొడాదీంగ సార్, తొడాదీంగ!" అని గార్డు తమిళంలో, ముట్టుకోవద్దని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"సుమ్మా, ఊరికే ఉండలేవా? పిల్లకాయలు గూడా చేతులు కట్టుకోని పోతా ఉండారు."

"నేనేం చేసినానే? చూస్తా ఉండా."

"చేత్తోనా చూసేది?"

"కొయ్యని ఇంక దేంతో చూస్తారు?"

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా! విసవిసా ముందుకు నడిచాను. పై అంతస్తుకు వెళ్ళే పెద్ద మెట్లెక్కి వెనక్కి చూస్తే, మెట్ల మధ్యలో ఆగి పక్క పట్టుకొయ్యను బొటనవేలితో రుద్దుతున్నాడు. అది వాళ్ళ పనిలో పద్ధతి. కొయ్య వేడెక్కేదాకా రుద్ది, వేలు వాసన చూసి, మీదున్నది లక్కో వార్నిషో చెప్పేస్తారు. ఆయన వేలు వాసన చూశాడు. మళ్ళీ రుద్దాడు, మళ్ళీ చూశాడు. చివరికి ఆ వేలు తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏం వాసనొస్తా ఉంది, చెప్పు."

"ఇంతమందిలో ఏందయ్యా ఈ చేష్టలు?"

"చెప్పవే. నాకు తెలీడంల్యా."

ఆ గొంతు విని నా కోపం సగంలోనే ఆగింది. వాసన చూశాను. తియ్యగా, కొంచెం మైనం వాసనలా ఉందన్నాను.

"అయితే లక్కే," అన్నాడు.

"ఎప్పట్నుంచి వాసన తెలీడంల్యా?"

"రెండేండ్లాయె."

రెండేళ్ళు! డాక్టరుకు చెప్పలేదు, నాకు చెప్పలేదు. పాడైన సాంబారు కూడా నోరెత్తకుండా తింటుంటే, నా మీద ప్రేమనుకుని మురిసిపోయాను. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

అంతలో గార్డు పిలిస్తే మ్యూజియం ఆఫీసరమ్మ వచ్చింది. ఆమె కేకలేస్తుందనుకున్నాను. కానీ ఈయన చెప్పేది నిలబడి విన్నది. పట్టుకొయ్యకు పైన మొత్తం పాత లక్కేననీ, కింద నాలుగు మెట్ల వరకూ ఎవరో వార్నిష్ పూశారనీ, చేతికే తేడా తెలుస్తోందనీ, వానాకాలానికి అది పొరలుగా లేస్తుందనీ చెప్పాడు. ఆమె కళ్ళు మెరిశాయి. ఈ పాత పని తెలిసినవాళ్ళ కోసం ఏడాదిగా వెతుకుతున్నామనీ, మీరు వచ్చి చేస్తారా అనీ అడిగింది.

ఒట్టు సంగతి ఆమె ముందే తీసి ఆయన్ని కడిగేద్దామని నోరు తెరిచాను. ఈలోగా ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"లేదు మేడం," అన్నాడు. "నాకిప్పుడు ఆ పని చేతగాదు."

ఆ 'లేదు' కోసం ఆర్నెల్లుగా మొక్కని దేవుడు లేడు. తీరా వింటే, ఆ మాట వెనక్కి తీసుకోమని ఆయన్ని పట్టుకు కుదపాలనిపించింది. డాక్టరు వద్దన్నాడని చెప్పొచ్చు, పెళ్ళాం ఒప్పుకోదని చెప్పొచ్చు. చేతగాదనడమెందుకు?

తోటలోకి వచ్చాం. ఎర్ర గులాబీలు, నాగలింగం చెట్టు, రాతి బెంచీలు, అన్నీ పక్కింటావిడ చెప్పినట్టే ఉన్నాయి. ఆయన నా పక్కనే నెమ్మదిగా నడిచాడు. నేను చూపించిన ప్రతి చెట్టునూ చూసి "బాగుండాది" అన్నాడు. పొద్దున్నుంచీ నేను కోరుకున్నది అదే. అదిప్పుడు నాకు భరించరానిదైంది. తోటవైపు వరండాలో పాత టేకు ఉయ్యాల బల్ల ఒకటి కనిపించింది. చుట్టుపక్కల గార్డు లేడు.

"పోయి ఒకసారి చెయ్యేసి రాపో. నేనేమీ అననులే," అన్నాను.

ఆయన ఆ వైపు తిరగను కూడా తిరగలేదు.

"వద్దులేవే. నువ్వు పూలు చూడాలంటివి గదా, చూడు."

చూశాను. ఒక్క పువ్వూ కనపడలేదు.