విశ్వకర్మ ముందు మామిడి పొగ

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఫోనులో ఎవడో చేసి చూపించిన వస్తువు ఏదైనా సరే, ఆకురాయీ ఓపికా ఉంటే మనమూ చేసేయగలమని. ఆకురాళ్ళు మా ఇంట్లో బోలెడు. ఓపిక కూడా ఉందనే అనుకునేవాణ్ణి. లేనిదల్లా బుర్ర అని తెలుసుకోవడానికి ఒక విశ్వకర్మ పూజ పట్టింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు, నేను అదే షెడ్డులో కొత్తగా చేరిన అప్రెంటిసుని. తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ బొగ్గు ఇంజన్లు తోమినప్పటి నుంచీ మా ఇంట్లో మగవాడి విలువ చేతిపనిని బట్టే కట్టేవారు. ఆ లెక్కన నా విలువ సున్నా. నేను అరగదీసి తెచ్చిన ప్రతి ఇనప ముక్కనీ నాన్న వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, "ఏటిరా ఇది, ఎలక కొరికినట్టున్నాది. రిజెక్ట్" అని తిరిగి చేతిలో పెట్టేసేవారు. (ఏడాది పొడుగునా ఇదే మాట. ఒక్కసారి మాత్రం "ఎలకే నయం" అన్నారు.)

అలాంటి సమయంలో ప్రొఫెసర్ నా జీవితంలోకి వచ్చాడు. ప్రొఫెసరంటే నా తోటి అప్రెంటిసే. సర్వశాస్త్రాలూ వీడియోల్లో చదివినవాడని షెడ్డులో అందరూ అలా పిలిచేవాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోను తీసి వేప్ అనే కొత్త వస్తువు చూపించాడు. అప్పటికి వాటిని ఇంకా నిషేధించలేదు. లోపల బ్యాటరీ సెల్లు ఉన్న ఒక లోహపు గొట్టం. అడుగున బొత్తాం నొక్కితే పైనున్న తీగచుట్ట ఎర్రగా కాలుతుంది, దాని నడుమ దూదిలో నానిన తియ్యటి ద్రవం ఆవిరవుతుంది, పై కన్నంలోంచి దాన్ని పీల్చాలి. "అరే యార్, ఏముంది ఇందులో? సిర్ఫ్ ఏక్ పైప్ హై" అని దాన్ని ఒట్టి గొట్టం కింద తేల్చేశాడు ప్రొఫెసర్. నిజం చెబుతున్నాను, నాకు బీడీ కూడా అలవాటు లేదు. నన్ను పడగొట్టింది పొగ కాదు, ఆ గొట్టానికి రెండు చివర్లా మూతలు బిగించడానికి కోసిన సన్నటి మరలు. అంత ముచ్చటైన మరలు నా చేత్తో కొయ్యాలనిపించింది.

గోల్ బజార్ పాత సామాన్ల కొట్లో ఇత్తడి గొట్టం ముక్కలు దొరికాయి. పెరట్లో, పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపరు మీద ముక్కని కదలకుండా పట్టుకునే వైస్ ఒకటి నాన్న బిగించుకున్నారు. ఆయన డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా నేను ఆ వైస్ ముందు వాలిపోయేవాణ్ణి. మూడు గొట్టాలు పాడుచేశాక నాలుగోది కుదిరింది. రెండు మూతలూ వేలితో తిప్పితే నూనె రాసినట్టు దిగేవి. సెల్లు ప్రొఫెసర్ తెచ్చాడు, ఎవరిదో పాడైపోయిన లాప్‌టాప్‌లోంచి. మామిడి వాసన ద్రవం కూడా వాడిదే. ఆదివారం డాబా ఎక్కి ఒకే ఒక్క దమ్ము లాగాను. కిందనుంచి అమ్మ "దగ్గు మందు తెమ్మంటావేట్రా?" అని అరిచేదాకా దగ్గాను. దాంతో పీల్చే సరదా తీరిపోయింది. గొట్టం మీద మమకారం మాత్రం పోలేదు. అందులో ఒకే ఒక్క లోపం ఉండిపోయింది. అడుగు బొత్తాం దానంతటది నొక్కుకోకుండా ఆపే రింగు నేను చెయ్యలేదు. గొట్టాన్ని పడుకోబెడితే ఫరవాలేదు. నిలబెడితే దాని బరువుకే బొత్తాం నొక్కుకుంటుంది. "వచ్చే ఆదివారం చూద్దాంలే" అనుకుని, సెల్లు కూడా తియ్యకుండా, పనిముట్ల పెట్టెలో అడుగున పడుకోబెట్టాను.

ఆ ఆదివారం కంటే ముందు విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు షెడ్డులో ఎవరూ పనిముట్టు పట్టి పని చెయ్యరు. ఇంట్లోవీ డ్యూటీవీ అన్నీ కడిగి, బొట్లు పెట్టి, విగ్రహం ముందు వరసగా పేరుస్తారు. ఇంటిల్లిపాదీ కొత్త బట్టలు కట్టుకుని షెడ్డు చూడడానికి వెళ్తారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఆచారమే. అయినా నాకు తట్టలేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంది.

"మీ నాన్న అన్నీ పట్టుకెల్లిపోనారు" అంది అమ్మ, జడలో పువ్వులు తురుముకుంటూ. "అందులో ఇత్తడి గొట్టం నువ్వు సేసిందేనని నేనే సెప్పినాను. మూత ఒక్క సుట్టు వదులు సేసి, ఆ మరలు సూసుకొని ఎంత మురిసిపోనారో. అగరుబత్తులు గుచ్చడానికి బాగున్నాదన్నారు."

అగరుబత్తి గుచ్చాలంటే గొట్టాన్ని నిలబెట్టాలి. సైకిలెక్కి షెడ్డుకి ఎలా చేరానో గుర్తులేదు. హారతి మొదలైపోయింది. గంటలు, డప్పులు, జనం. విగ్రహం ముందు పానాలూ సుత్తులూ పడుకుని ఉన్నాయి. వాటి మధ్య నా గొట్టం ఒక్కటే మెడలో బంతిపూల దండతో నిటారుగా నిలబడి ఉంది. పై కన్నంలో అగరుబత్తి. దాని పొగ ఒకటి, పక్కనుంచి తెల్లగా, దట్టంగా ఇంకొకటి. "వాహ్, ఆమ్ కీ ఖుష్‌బూ" అని పంతులు ఆ మామిడి వాసనని మెచ్చుకుంటున్నాడు. దాని చుట్టూ అర్ధచంద్రాకారంలో చిన్నపిల్లలందరినీ ముందు వరసలో కూర్చోబెట్టారు.

పక్కనే నాన్న, అది నేను చేత్తో చేసిందని షెడ్డు పెద్దసారుకి చెప్పుకుంటున్నారు. "మేరా లడ్‌కా బనాయా హై సాబ్. హాథ్ సే. మరలు చూడండి, లేత్ మీద కూడా అంత శుభ్రంగా రావు." చెప్పడానికి సిగ్గుగా ఉంది. అంత భయంలోనూ నేను కదలకుండా నిలబడి ఆ మాట పూర్తిగా విన్నాను. ఏడాదంతా దానికోసమే కదా అరగదీసింది. ఇప్పుడు పరుగెత్తి లాగేస్తే ఆ మాట పోతుంది. ఊరుకుంటే? ఇంతలో మామిడి వాసన మారి మాడు వాసన వచ్చింది. బంతిపూలు గొట్టాన్ని ఆనుకున్న చోట నల్లబడుతున్నాయి.

పిల్లల మీంచి దూకాను. గొట్టాన్ని పట్టుకున్నాను. అరచెయ్యి చుర్రుమంది. అరుస్తూనే గోడకి వేలాడుతున్న ఎర్ర ఇసక బకెట్ దగ్గరికి పరుగెత్తి, దండతో సహా లోపల పొడిచి, ఇంకో బకెట్ ఇసక దాని మీద బోర్లించి, "అందరూ దూరం పోండి, బ్యాటరీ!" అని కేక పెట్టాను. ఇసకలోంచి బుస్సుమని ఒక చప్పుడు, కాస్త పొగ. అంతే. గంటలు ఆగిపోయాయి. దేవుడి ముందున్నది ఎత్తుకుపోయిన వెధవకేసి కాలనీ అంతా చూస్తోంది.

"క్యా హువా?" అన్నారు పెద్దసారు. నాన్న నన్ను చూశారు, బకెట్‌ని చూశారు, పిల్లల్ని చూశారు. "కుఛ్ నహీఁ సాబ్," అన్నారు నెమ్మదిగా. "పీస్ రిజెక్ట్ హో గయా." తర్వాత నా అరచేతిని తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టి, అది చల్లబడేదాకా తన చేత్తో పట్టుకునే ఉన్నారు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం పెరట్లో అంతా చెప్పేశాను. ఆయన చల్లారిన గొట్టం మూతలు విప్పి, వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశారు. "సెల్లు ఉబ్బితే గాలి బయటికి పోడానికి కన్నం ఏదిరా? ఆ పిల్లలకి ఏటైనా అయితే?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. గొట్టాన్ని తిరిగి నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళబోతూ, "మరలు మాత్రం బాగా కోసినావు" అన్నారు.

ఇప్పుడు నాన్న రిటైరయ్యారు. అప్రెంటిసులు తెచ్చిన ముక్కలు వెలుతురుకి ఎత్తి చూసే పని నాది. (నాన్న ఎలక మాట కూడా నాకే సంక్రమించింది.) మాడిన మరకలతోనే ఆ గొట్టం మా దేవుడి గూట్లో అగరుబత్తి స్టాండుగా స్థిరపడింది. ఆనాటి నా మీద కోపం తెచ్చుకుందామని చూస్తాను కానీ, మరలు చూస్తే నవ్వొస్తుంది. ఎంత శ్రద్ధగా చేశాడు, ఎంత తెలివితక్కువవాడు! ఏటా పూజనాడు నాన్న అగరుబత్తి గుచ్చే ముందు దాన్ని అరచేత్తో పట్టుకుని చూస్తారు, వేడెక్కిందేమోనని. లోపల ఏమీ లేదని ఆయనకీ తెలుసు. తర్వాత నాకేసి తిరిగి, "సల్లగానే ఉన్నాది" అంటారు.