బాహర్ ఖలాస్

మునిలక్ష్మికి అబద్ధమాడటం చేతకాదని కువైట్‌లోని మిష్రిఫ్‌లో ఆమె పనిచేసే ఇంటివాళ్ళు ఒట్టేసి మరీ చెబుతారు. కప్పు పగిలితే ఆ ముక్కలు చేత్తో పట్టుకుని తానే వెళ్ళి చూపించే మనిషి మరి. అలాంటి మనిషి కన్నకూతురికి ఆరేళ్ళపాటు వారం వారం ఒకే అబద్ధం చెప్పిందంటే నమ్ముతారా? నమ్మాలి, చెప్పింది.

ఐదేళ్ళ ఈశ్వరిని రాయచోటి దగ్గర పల్లెలో అవ్వకు అప్పగించి కువైట్ వచ్చిన కొత్తల్లో, ఫోన్ చేస్తే చాలు, పిల్ల వెక్కి వెక్కి ఏడ్చేది. ఒకరోజు ఆ ఏడుపు వినలేక, "నాకీడ ఏం కష్టం ల్యా బంగారూ, శుక్రవారమొస్తే సముద్రానికి పోతా. కాళ్ళు పెడితే నీళ్ళు కుండలో నీళ్ళ మాదిరి సల్లగా ఉంటాయి" అనేసింది. అవతల ఏడుపు టక్కున ఆగిపోయింది. మందు పనిచేసిందనుకుంది తల్లి. ఇక చూసుకోండి, ప్రతి శుక్రవారం అదే మందు.

నిజానికి కారు అద్దంలోంచి తప్ప ఆమె సముద్రం చూసిందే లేదు. దానికి కారణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది. పనిలో చేరిన మొదటి నెలలోనే మామా పిలిచింది. మామా అంటే మేనమామ కాదు, ఇంటి యజమానురాలు. ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళంతా అలాగే పిలుస్తారు. "యల్లా లక్ష్మీ, బహర్!" అంది మామా. అరబ్బీలో యల్లా అంటే పద, బహర్ అంటే సముద్రం. మునిలక్ష్మికి అప్పటికి అరబ్బీ ఎక్కడిది? బొంబాయిలో ఏజెంటు ఆఫీసులో పదిరోజులు కూర్చుని నేర్చుకున్న నాలుగు హిందీ మాటలే దిక్కు. అందులో 'బాహర్' ఒకటి, 'ఖలాస్' ఒకటి. బయటికి పొమ్మంటోంది కాబోలనుకుని చీపురు తీసుకుని వెళ్ళి, వాకిలి ఊడ్చి, గేటు కడిగి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది. కారెక్కి కూర్చున్న మామా, "బహర్?" అని మళ్ళీ అడిగింది. "బాహర్ ఖలాస్, మామా!" అంది గర్వంగా. బయట పని అయిపోయిందని ఆమె భావం. సముద్రం నాకిక చాలు అంటోందని మామాకు అర్థమైంది. పాపం, నీళ్ళంటే భయం కాబోలనుకుని మళ్ళీ ఎన్నడూ పిలవలేదు. ఆ మాటకు అర్థం తెలిసేసరికి ఏడాది గడిచింది. అప్పుడిక నోరు విప్పి ఏం చెబుతుంది!

ఈ ఏడు వేసవి సెలవులకు ఆంజి కూతురికి నెలరోజుల విజిట్ వీసా తీశాడు. ఆంజి మునిలక్ష్మి భర్త. అమ్ఘరాలో ఇనుపసామాను యార్డులో ట్రక్కు తోలుతాడు. తల్లి గదిలోనే పిల్లను ఉంచుకోమని మామా పెద్దమనసుతో ఒప్పుకుంది. ఎయిర్‌పోర్టులో దిగిన పిల్ల, తల్లి ముద్దులు ఇంకా పూర్తికాకముందే అడిగింది.

"మా, నీ సముద్రం యాడుంది?"

మునిలక్ష్మి గబగబా పిల్ల సంచీ అందుకుని భుజాన వేసుకుంది. ఇన్నాళ్ళ మాటలన్నీ ఉత్తవేనని తెలిస్తే ఈ పిల్ల ఇక తన మాట ఒక్కటైనా నమ్ముతుందా? నెలకు ఇంత ముద్ద, వారానికి ఇంత మాట తప్ప ఇంకేమీ పెట్టలేని తల్లి, ఆ మాట కూడా పోగొట్టుకుంటే ఇక మిగిలేదేముంది? "పోదాంలే, ముందు ఎండ తగ్గనీ" అంది. కువైట్‌లో మే నెలలో ఎండ తగ్గడమట!

మర్నాడు వంటింట్లో మామా, ఈశ్వరి ఇంగ్లీషులో కబుర్లు మొదలుపెట్టారు. మామా పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి, ఈశ్వరిదేమో ఇంగ్లీషు మీడియం. ఏదో చెప్పి మామా నవ్వింది. ఈశ్వరి నవ్వలేదు. తల్లి వైపు ఒకసారి చూసి, పళ్ళెంలోని మచ్బూస్ అన్నం మీదికి వంగి తినసాగింది. ఆ రోజు నుంచి పిల్ల సముద్రం మాటెత్తలేదు. హమ్మయ్య, మరిచిపోయిందనుకుంది తల్లి.

మొదటి శుక్రవారం హసావీలో అక్క సంజీవమ్మ ఇంటికి వెళ్ళారు. రాగిసంగటి, నాటుకోడి పులుసు. బావ చిన్నపుల్లయ్య నోరు ఊరుకుంటుందా?

"ఏం మరదలా, పిల్లను సముద్రానికి తోడుకపోలేదా? నువ్వు పోకుంటే ఆడ అలలే రావంట గదా!"

"నోరు మూసుకోని తిను" అని సంజీవమ్మ మొగుడి పళ్ళెంలో ఇంకో ముద్ద పడేసింది. మునిలక్ష్మి తల దించుకుని ముద్దను పులుసులో ముంచీ ముంచీ కూర్చుంది. ఈశ్వరే అందుకుంది. "దుమ్ము గాలి కదా పెద్దనాయనా. తగ్గినాక పోతాం." అప్పటికి బయట గాలే లేదు.

రెండో శుక్రవారం ఈశ్వరి అమ్ఘరాలో నాన్న ట్రక్కెక్కి, చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. మూడో శుక్రవారం మాల్‌కు వెళ్ళారు. కదిలే మెట్ల ముందు మునిలక్ష్మి చీర కుచ్చిళ్ళు పట్టుకుని బిర్ర బిగుసుకుపోయింది. "ఎక్కు మా, నీకోసరం మెట్టు నిలబడదు" అని కూతురు చెయ్యి పట్టి లాగింది. పైకి వెళ్ళాక భయం పోయి, ఇంకోసారి ఎక్కుదామంది తల్లి. అలా నాలుగుసార్లు ఎక్కి దిగారు. ఆంజి కింద నిలబడి, "మీ ఇద్దర్లో పిల్ల ఎవురో తెల్డం లేదు" అని నవ్వాడు.

నాలుగో శుక్రవారం ఆంజి ఖరాఖండీగా చెప్పేశాడు.

"ఎల్లుండే ఫ్లైటు. ఇంక ఎండా ల్యా, దుమ్మూ ల్యా. పదండి."

ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. పిల్లాపాపలతో సంసారాలన్నీ అక్కడే ఉన్నాయి. మునిలక్ష్మి చెప్పులు విప్పింది. ఆరేళ్ళుగా దిగుతున్న మనిషిలా దిగాలి కదా! ఈశ్వరి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. చిన్న అల వచ్చి ఇద్దరి పాదాల మీద పడింది.

"అయ్యో, నీళ్ళు ఇంత యేడిగా ఉండాయేందే!"

అన్నాక నాలుక్కరుచుకుంది. స్నానానికి కాచినట్టు ఉన్నాయి నీళ్ళు. ఆంజి ఎక్కడో దూరంగా ఉన్న ఓడను తెగ పరీక్షగా చూడటం మొదలుపెట్టాడు. మునిలక్ష్మికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అబద్ధం చెప్పినా నాయనా. ఎన్నడూ రాలేదు నేను. నువ్వు ఏడుస్తాంటే తట్టుకోలేక చెప్పినా."

"నాకు తెల్సుమా. వచ్చిన మర్సటి రోజే మామా చెప్పింది. సముద్రమంటే మీ అమ్మకు భయం, పిలిస్తే 'బహర్ ఖలాస్' అనింది అని."

"మరి అడగలేదేమే?"

ఈశ్వరి కాలి బొటనవేలితో ఇసుక తోడుతూ ఉండిపోయింది.

"నువ్వు సముద్రానికి పోయినానని చెప్పినప్పుడల్లా ఫోను పెట్టేసినాక దుప్పటి కప్పుకోని ఏడుస్తాంటి. నన్నిడ్సిపెట్టి అమ్మ ఒక్కతే ఆడుకుంటాందే అని. నువ్వు పోలేదని మామా చెప్తానే నాకు ఎంత సంతోషమైందో తెల్సా మా?"

ఆరేళ్ళు మందనుకుని తాను పోసింది ఇదా! మునిలక్ష్మి నీళ్ళలోనే చతికిలబడి, పిల్లను ఒళ్ళోకి లాక్కుని భోరుమంది. పక్కనున్న అరబ్బు ముసలావిడ కంగారుపడి మంచినీళ్ళ సీసా అందించింది. చీర నడుం దాకా తడిసింది. తడిస్తే తడవనీ.

"నువ్వు లేకుండా నాకూ పోబుద్ది కాల్యా" అంది చివరికి. అది మాత్రం నిజం.

"ఐతే మళ్ళ నేనొచ్చేదాంక రావద్దు. ఒట్టు?"

"ఒట్టు."

పిల్ల వెళ్ళిపోయిన వారానికి, మనవళ్ళతో బయల్దేరుతూ మామా కారు దగ్గర ఆగింది. తడిసిన చీర ఆరోజు ఆమె కంటబడింది మరి, ఈ మనిషికి భయం లేదని తెలిసిపోయింది. కారు తలుపు తానే తెరిచి పట్టుకుని, "యల్లా లక్ష్మీ, బహర్!" అంది.

ఈసారి ఆ మాట మునిలక్ష్మికి బాగానే అర్థమైంది. గేటు పక్కన చీపురు పట్టుకుని నిలబడి, వచ్చిన అరబ్బీ అంతా కూడగట్టుకుంది.

"లా, మామా. బిన్త్ రావాల" అంది. వద్దు, కూతురు రావాలి.