ఆ గడిలో రాయని పేరు

పోయిన మంగళవారం మా పెదనాన్న పోయాడు. నేను సంగీతం చెప్పే స్కూలుకి చెల్లి ఫోన్ చేసింది. చెల్లి అంటే ఆయన కూతురే, హుకుంపేట దగ్గర మా ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. "అన్నియ్యా, నాన్న లేడు. బేగి రా. మోరీ తెచ్చుకో" అంది. అంత ఏడుపులోనూ ఏం తేవాలో మర్చిపోలేదు.

ఆయన మీకెవరికీ తెలిసుండడు. థింసా ఆడేచోట మోరీ ఊదేవాడు. మోరీ అంటే సన్నాయికి చుట్టం లాంటిదని నేనెవరికైనా చెబితే, "సన్నాయే మనకి సుట్టం" అని సరిదిద్దేవాడు. ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని గొలుసుగా తిరుగుతున్నంతసేపూ మోరీ ఆగకూడదు. ఆగితే అడుగులు తడబడతాయి. అందుకే నా చేతికి మోరీ ఇవ్వకముందు బొప్పాయి ఆకు కాడ, చెంబుడు నీళ్లూ ఇచ్చాడు. కాడతో నీళ్లలోకి ఊదుతూనే ముక్కుతో గాలి తీసుకోవాలి, బుడగలు తెగకూడదు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ముక్కులోకి నీళ్లెక్కి ఏడిస్తే, "ఊపిరి తీసుకో, ఎవులొద్దన్నారు? తీసినట్టు ఎదటోడికి తెలీకూడదు, అంతే" అనేవాడు. రాగిచేలో కలుపు తీస్తూ కూడా ఓరకంట నా చెంబే చూసేవాడు. ఆ వానాకాలమంతా నాకు బుడగలే.

ఇంటర్ అయి ఊరికే తిరుగుతున్న రోజుల్లో అరకు నెట్ సెంటర్లో ఆన్‌లైన్ మ్యూజిక్ డిప్లొమా సంగతి తెలిసింది. వేణువు కోర్సు. బడిలో సంగీతం టీచరు పోస్టుకి సర్టిఫికెట్ కావాలి, నాకున్న దారి అదొక్కటే. సంతకి వచ్చిన రోజల్లా పెదనాన్న నా పక్క కుర్చీలో కూర్చునేవాడు. తెరమీద మాస్టారు కాసేపు కదిలి, బిగుసుకుపోయి, మళ్లీ కదిలేవారు. "పాపం, ఆయనకీ ఊపిరి నిలబడ్డం లేదురా" అనేవాడు. వేణువు ఆయన ఎన్నడూ పట్టలేదు. కానీ ఇంటికొచ్చి సాధన చేస్తుంటే నా ఊపిరి ఎక్కడ తెగుతుందో చెవితో పట్టేసేవాడు.

పరీక్ష ఫారంలో 'గురువు పేరు' అని ఒక గడి ఉంది. పెదనాన్న పేరు టైపు చేశాను. పక్క గడిలో గురువు విద్యార్హత అడిగారు. పేరు చెరిపేసి, తెరమీది మాస్టారి పేరు పెట్టాను. సర్టిఫికెట్ మీద అదే అచ్చయి వచ్చింది.

ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నారు. "సదువు, ఏటి రాసినారు?" అన్నాడు పెదనాన్న. ఇంగ్లీషులో ఉంది కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని ఆ గడి దగ్గర ఆయన పేరు చదివాను. ముఖం విప్పారింది. జెరాక్సు తీయించి, లామినేషన్ చేయించి గోడకి తగిలించుకున్నాడు. ఆ తర్వాత ఆ ఇంటికెళ్లినప్పుడల్లా నేను ఆ గోడకే వీపు పెట్టి కూర్చునేవాణ్ని.

ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో కాగితం ఒక్క నిమిషం చూసి పక్కన పెట్టి, ఊదమన్నారు. ఆగకుండా ఊదాను. ఆన్‌లైన్ కోర్సు చేస్తే పనికొస్తుందా సార్ అని ఇప్పుడు మా పిల్లలు అడుగుతుంటారు. వస్తుంది. అది లేకపోతే నన్ను ఆ గదిలోకి పిలిచేవారే కాదు. లోపలికెళ్లాక పనికొచ్చింది మాత్రం చెంబుడు నీళ్లు. పిల్లలకి అది చెప్పేటప్పుడల్లా పెదనాన్న పేరు నోటిదాకా వచ్చేది, ఆ గడి గుర్తొచ్చి మింగేసేవాణ్ని.

నేను వెళ్లేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. కాగితం గోడ మీదే ఉంది. ఇక ఆగలేక చెల్లికి నిజం చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు సదవడం రాదనుకున్నావా అన్నియ్యా? తగిలించిన రోజే నాన్నకి సదివి సెప్పీసినాను. 'ఆడికి సెప్పకు, సిగ్గుపడతాడు. ఆడి నోట నా పేరు ఇన్నాను కదే, సాలు' అన్నాడు."

"మరి గోడ మీద ఎందుకుంచుకున్నాడు?"

"నీ పేరుంది కదా."

డప్పులు మొదలయ్యాయి. మా ఊళ్లో పెద్దవాళ్లని మోరీ వెంట తీసుకెళ్తారు, కాటి దాకా ఆపరు. నేను ముందు నడిచాను. రాగిచేను మలుపు దాకా బాగానే ఊదాను. అక్కడ తెగిపోయింది. నోరు తెరిచి ఊపిరి తీసుకున్నాను. ఆ చప్పుడు వెనకున్న అందరికీ వినబడింది.