మూడు రాహుకాలాల మధ్య ఒక బుల్లి కారు

ఆ రోజుల్లో, అంటే ఇండియా నుంచి ఈ దేశం వచ్చి చాంగీ బిజినెస్ పార్క్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరి, ఎవరేం అడిగినా "వచ్చండీ" అనే రోజుల్లో, నాకు రాని పనంటూ ఉండేది కాదు. చోవా చూ కాంగ్‌లో మా పై అంతస్తు అంకుల్ లిఫ్టులో "కార్ల పని వచ్చా బాబూ?" అనడిగితే అలాగే వచ్చన్నాను. (వచ్చింది కంప్యూటర్లో ఆడే కార్ల ఆట.) ఆదివారానికల్లా ఆయన పాత కారులో మెకానిక్ హోదాలో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇక్కడ చిన్న ఇంజిన్ల కార్లకు పందేలు జరిగేవట. ఆ ముచ్చట మళ్లీ తీర్చుకుందామని పాత కార్లవాళ్లంతా కలిసి ఒక పందెం పెట్టారు. నియమం కూడా అప్పటిదే: ఎంత నీరసపు బండైతే అంత ముందు వదులుతారు, గీత ముందు దాటినవాడిదే గెలుపు. అందరికంటే నీరసం మాదేనన్న విషయంలో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కుట్టుమిషన్‌కు చక్రాలు బిగించినట్టుండే ఆ కారు మీద ఆంటీ పొద్దున్నే తీర్పు చెప్పేసింది. "ఇవాళ గీత దాటిందా, ఉంటుంది. లేదా, అమ్మేస్తున్నాం. పెళ్లైన దగ్గర్నుంచీ ఆదివారాలన్నీ దాని కిందే పడుకుంటున్నారు."

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. జెండా ఊగింది. అంకుల్ కదల్లేదు. "జెండా అంకుల్!" అన్నాను. "చూశానయ్యా. ఆదివారం, నాలుగున్నర. రాహుకాలం." "అది ఇండియా టైం కదండీ. మనకి ఏడింటికి." "మనం ఉన్నది ఇక్కడ కదా!" "ఇక్కడైతే పొద్దుగూకేది ఏడింటికి. ఆదివారం పొద్దుగూకే ముందు గంటన్నర కదా, ఆ లెక్కన అయిదున్నరకి మొదలు." (సాయం చేస్తున్నాననే అనుకున్నాను.) ఆయనకు ఒక్క రాహుకాలం బదులు మూడు దొరికాయి. వరసగా పేర్చి చూస్తే రాత్రి ఎనిమిదిన్నర దాకా ఖాళీ లేదు.

జెండా పట్టుకున్న చైనీస్ పెద్దాయన "అంకుల్, గో లా!" అని బతిమాలుతున్నాడు. మైకులో ఇంజిన్ పాడైందని చెప్పారు. జనం నావైపు జాలిగా చూస్తుంటే దిగి బానెట్ తెరవబోయాను. తెరుచుకోలేదు. చప్పట్లు కొట్టారు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. మిగతా కార్లన్నీ మమ్మల్ని చుట్టి వెళ్లిపోయాయి. ఆంటీ ఫోన్ చేసింది. "ఆగిపోయిందా?" "లేదాంటీ, రాహుకాలం." "ఏ ఊరిది?" నేను లెక్క చెప్పబోయాను. "ఆయనకివ్వు ఫోను," అంది. ఏం చెప్పిందో గానీ, నాలుగు నిమ్మకాయలూ ఒక్కసారే చితికాయి.

మేం చివరి మలుపు తిరిగేసరికి తాళ్లు చుట్టేస్తున్నారు. గీత ఎదురుగా కనిపిస్తుండగా కారు దగ్గి, ఆగిపోయింది. అంకుల్ స్టీరింగ్ వదల్లేదు. గుంపులోంచి ఆంటీ వచ్చింది. వాహనాన్ని వేలం వేయడానికే అనుకున్నాను. కొంగు దోపుకుని, "నువ్వు దిగు బాబూ, బరువు," అని వెనకనుంచి తోయడం మొదలెట్టింది. "టైమెంతయిందే?" అన్నాడు అంకుల్. "గీత దాటాక చెప్తా!" జెండా పెద్దాయన ఇటూ అటూ చూసి, చుట్టేసిన జెండా విప్పి ఊపాడు.

కారు ఇంకా ఉంది, ఆదివారాలు దాని కింద అంకులూ ఉన్నాడు. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వదిలే సమయం ఇప్పుడు నేనే నిర్ణయిస్తున్నాను. మొన్న కుర్రాళ్లు ఆదివారం నాలుగున్నరకి అంటే, "మనుషులు చాలరు, మానేద్దాం," అన్నాను. (అయిదున్నరా కాదన్నాను, ఏడూ కాదన్నాను.) ఆనాడు కారులో కూర్చుని అన్ని లెక్కలు చెప్పిన కుర్రాడు ఎదురుపడితే, నోరు మూసుకోవడం వచ్చా అనడగాలనుంది. "వచ్చండీ" అనే అంటాడు.